రూతు మేడం పిలుపు చీటీలు

మా చిన్నదానికి దగ్గు పట్టుకుంది. మొన్న ఉదయం మందు సీసా మూత తిప్పగానే నారింజ వాసన గుప్పుమంది. నారింజ పండుకూ ఆ వాసనకూ ఏ చుట్టరికమూ లేదు, అది సిరప్పుల నారింజ. పిల్ల ముక్కు మూసుకుని వంటింట్లోకి పరుగెత్తింది. నేను మాత్రం చెంచా పట్టుకుని పోతిరెడ్డిపల్లిలోని మా ఇంటి హాల్లో నిలబడి, మనసులో పటాన్‌చెరు పారిశ్రామికవాడకు, మా పాత ఆఫీసు మేడ మీదికి వెళ్లిపోయాను. ఆ ఆఫీసు పక్కన సిరప్పులు చేసే యూనిట్ ఒకటి ఉండేది. గురువారాల్లో వాళ్లు నారింజ రకం వండేవాళ్లు. వాసన కిటికీ దాటి లోపలికి రాగానే రూతు మేడం కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే "ఇయ్యాల గురువారం" అనేవారు. ఆమె గోడకు క్యాలెండర్ పెట్టనిచ్చేవారు కాదు, అవసరం ఏముందని. నేనలా ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మా ఆవిడ వచ్చి "మందు పిల్లకు, నీకు కాదు" అని చెంచా లాక్కుంది.

రూతు మేడాన్ని మీరు చూసి ఉండరు. పొట్టి మనిషి. ఇస్త్రీ చేసిన నూలు చీర, ముడిలో గుచ్చిన పెన్సిలు, ఆ పెన్సిలు కోసమే టేబులంతా వెతుక్కోవడం. సంగారెడ్డిలో చర్చి వెనక వీధిలో పుట్టి పెరిగారు. డిప్లొమా చదివి, ఒక మందుల ఫ్యాక్టరీలో మీటర్లు బాగుచేసే పనిలో కుదిరి, అక్కడి నుంచి మా కంపెనీకి వచ్చారు. కంపెనీ అన్నానని పెద్దగా ఊహించుకోకండి. కింద రేకుల షెడ్డు, పైన రెండు గదులు, మొత్తం పన్నెండుమందిమి. మందుల పొడిని వేడిగాలితో ఆరబెట్టే యంత్రాలుంటాయి. వాటి వేడినీ సమయాన్నీ చూసుకునే కంట్రోల్ బోర్డులు మేం తయారుచేసేవాళ్లం. ఆ బోర్డు మీది చిప్పుకు పని చెప్పడానికి మేడం ఒక చిన్న భాషను తయారుచేశారు. ఆ భాషలో రాసినదాన్ని చిప్పుకు అర్థమయ్యే అంకెల్లోకి మార్చే ప్రోగ్రామును, అంటే కంపైలరును, కూడా ఆమే రాశారు. దానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఆ సంగతి ఆమె ఎన్నడూ చెప్పుకోలేదు, మేమే లెక్కపెట్టుకున్నాం.

నేను హత్నూర వైపు పల్లెటూరివాణ్ని. ఇంజినీరింగ్ పట్టా చేతికి రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ నా కోసమే ఎదురుచూస్తున్నాయని నమ్మిన రకం. ఇంటర్వ్యూలో మేడం కంపైలర్ అంటే ఏందని అడిగారు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పాను. ఆమె చివరిదాకా ఓపిగ్గా విని, "మంచిది. ఇప్పుడు మీ అమ్మకు చెప్పినట్టు చెప్పు" అన్నారు.

"మా అమ్మ గివన్నీ వినదు మేడం. నడుమలనే లేచి పొలం పోతది" అన్నాను.

ఆమె గట్టిగా నవ్వారు. "పోకుండ ఆపేటట్టు చెప్పుడు నేర్సుకో. రేపటి సంది రా" అన్నారు. నా తెలివికి దొరికిన ఉద్యోగం అనుకున్నాను గాని, అది మా అమ్మ పుణ్యమని తర్వాత తెలిసింది.

మొదటి నెలలో ఆమె నాకు నేర్పింది ఒక్కటే విషయం. ప్రోగ్రాములో ఒక్కో పనికి ఒక్కో ముక్క ఉంటుంది, దాన్ని ఫంక్షన్ అంటాం. ఒక ఫంక్షన్ తన పని మధ్యలో ఇంకొకదాన్ని పిలుస్తుంది. చిప్పులో అంకెలు పెట్టుకోవడానికి ఎనిమిది గళ్లున్నాయి. మామూలుగా అయితే పిలిచేవాడు ఇవ్వదలచిన అంకెను మొదటి గడిలో పెడతాడు, పిలిపించుకున్నవాడు జవాబును కూడా మొదటి గడిలోనే పెట్టి పంపుతాడు, చివరి గళ్లను ముట్టుకోడు. అందరూ ఇలాగే ఉంటే కంపైలర్ రాసేవాళ్లకు హాయి. కాని మా చిప్పులో జాగా తక్కువ. అందుకని మేడం పాతరోజుల్లో కొన్ని ఫంక్షన్లను నేరుగా చిప్పు భాషలో, ఎక్కడ వీలైతే అక్కడ గళ్లను వాడుకుంటూ రాసేశారు. ఒకదానికి అంకెను ఏడో గడిలో ఇవ్వాలి. ఇంకొకటి వచ్చిందంటే ఎనిమిది గళ్లనూ కలగాపులగం చేసి పోతుంది. ఈ పద్ధతుల్ని పుస్తకాల్లో కాలింగ్ కన్వెన్షన్లు అంటారు. మేడం రివాజులు అనేవారు.

"మా అత్తగారింటికి పోతే చెప్పులు గేటు బయట్నే ఇడవాలె. మా చెల్లె ఇంట్ల చెప్పులేసుకొని వంటింట్లకు పోయినా ఏమనరు" అన్నారు ఒకరోజు అన్నం తింటూ. "ఏది మంచి రివాజు అని కొట్లాడొద్దు. యాడికి పోతున్నమో గా ఇంటి రివాజు ఎరుక ఉండాలె, అంతే."

కంపైలర్ మనం రాసిన ప్రోగ్రామును ఒక్కసారిగా మార్చేయదు. ముందు దాన్ని చిన్నచిన్న నమోదులుగా విడగొట్టి లోపల పెట్టుకుంటుంది. వాటిని మేడం చీటీలు అనేవారు. కూడికకు ఒక చీటీ, పోలికకు ఒక చీటీ, పిలుపుకు ఒక చీటీ. పిలుపు చీటీ మీద ఎవర్ని పిలుస్తున్నామో, ఏ అంకెలు ఇస్తున్నామో ఉంటాయి. మా కంపైలర్‌లో దానికి తోడు ఏ రివాజుతో పిలవాలో కూడా ఉండేది. ఆ చీటీలు ఐదారు దశలు దాటుకుంటూ, అటూ ఇటూ సర్దుకుంటూ, చివరికి అంకెలవుతాయి.

ఆఫీసులో కూడా మేడానికి ఇదే పద్ధతి. మేం బోర్డులు బాగుచేయడానికి ఫ్యాక్టరీలకు పోయేవాళ్లం. గేటు గేటుకూ ఒక రివాజు. ఒకచోట ఫోన్ గేటు దగ్గర అప్పగించాలి, ఇంకోచోట ఫోన్ కెమెరా మీద స్టిక్కర్ అంటిస్తే చాలు, మరోచోట గడియారం, ఉంగరం, చివరికి మన బూట్లు కూడా బయటే. ఫ్యాక్టరీ నుంచి ఫోన్ వచ్చినప్పుడు ఎవరెత్తితే వాళ్లు ఆ వివరాలన్నీ ఒక చీటీ మీద రాసి, పోయేవాడి జేబులో పెట్టాలి. ఇంత తతంగం ఎందుకు, ఫ్యాక్టరీల పేర్లూ వాటి రివాజులూ ఒక పెద్ద కాగితం మీద రాసి తలుపు పక్కన గోడకు అంటిద్దామని నేను సలహా ఇచ్చాను.

"బండోనికి ప్లాటు నంబరే చెప్తం. సగం గేట్ల మీద పేరే ఉండదు" అన్నారు మేడం. "గేటు కాడ నిలవడ్డప్పుడు గోడ నీ ఎంబడి వస్తదా?"

రాదు మేడం అన్నాను. అన్నాను గాని బుర్రలోకి ఎక్కించుకోలేదు. ఆ సంగతి తేలడానికి రెండేళ్లు పట్టింది.

రెండేళ్లలో నేను బాగానే ఎదిగాను, తల కూడా ఎదిగింది. ఒకరోజు కంపైలర్‌ను శుభ్రం చేద్దామని కూర్చున్నాను. ప్రతి ఫంక్షన్‌కు కంపైలర్ లోపల ఒక పేజీ ఉంటుంది, దాని రివాజు ఆ పేజీలో ఉంటుంది. మరి అదే రివాజును ప్రతి పిలుపు చీటీ మీదా మళ్లీ రాయడమెందుకు? చీటీ మీద ఫంక్షన్ పేరు ఎలాగూ ఉంది. చివరి దశలో ఆ పేరును బట్టి పేజీ తెరిచి చూసుకుంటే సరిపోదా? చీటీల మీంచి రివాజును తీసేశాను. కంపైలర్ సన్నబడింది. పరీక్షలన్నీ పాసయ్యాయి. నా భుజం నేనే తట్టుకుని మేడం దగ్గరికి పోయాను.

"మేడం, ఒక్క ముచ్చటనే రెండు దిక్కుల రాస్తున్నం. ఒక దిక్కు తీసేసిన."

అది డిసెంబరు. చర్చిలో పిల్లల నాటకం ఉంది. అన్నం తినే విరామంలో మేడం దేవదూతల రెక్కల కోసం బంగారు రంగు కాగితం కత్తిరిస్తున్నారు. కత్తెర పక్కన పెట్టి తెర మీద నా మార్పును కిందిదాకా చూశారు. "పరీక్షలు పాసైనయా?" అని అడిగారు. అన్నీ అన్నాను. ఒక్క క్షణం ఏదో అనబోయినట్టు ఆగి, మళ్లీ "సరే తియ్యి" అని ఒప్పుకున్నారు. మా దగ్గర ఏ మార్పయినా ఇద్దరి పేర్లతోనే లోపలికి పోతుంది. నా పేరు కింద ఆమె పేరు చేరింది.

ఆ వారమే మా ఓనరు ప్రభాకర్ సార్ అందర్నీ కూర్చోబెట్టారు. బొంతపల్లి దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీ కొత్త డ్రైయర్లకు మా బోర్డులు పెట్టుకుంటామంది, ముందు ట్రయల్ చూస్తామంది. సార్ మంచి మనిషే గాని దాపరికం తెలియదు. "మేడం, బయట రెడీమేడ్ కంపైలర్లు బొచ్చెడున్నయి. మన సొంతది ఇంక ఎందుకని అందరు అడుగుతున్నరు. బొంతపల్లిల పాసైతే మనది ఉంటది. కాకపోతే వచ్చే నెల సంది మనది బంద్ చేసి, రెడీమేడ్‌ది పెట్టుకుందం" అన్నారు. మేడం "సరే సార్" అన్నారు, అంతే. కాని ఆ మధ్యాహ్నం ఆమె రెక్కలు కత్తిరించలేదు. కాగితం ముందు పెట్టుకుని ఊరికే కూర్చున్నారు. తొమ్మిదేళ్ల పని ఒక్క ట్రయల్ మీదికి వచ్చింది. ఆ ట్రయల్‌కు పోయే కంపైలర్‌లో నా శుభ్రత ఉంది. నాకు భయమేమీ లేదు, పైగా గర్వంగా ఉంది.

బొంతపల్లిలో ట్రయల్ ఉదయం పదింటికి. డ్రైయర్‌లో పొడి ఏమీ లేదు, ఖాళీగా నడిపిస్తున్నారు. వేడి అరవై డిగ్రీలు దాటగానే మా బోర్డు తనంతట తానే హీటరు ఆపాలి. ప్లాంటు మేనేజరు వెంకట్ గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. యాభై ఎనిమిది, యాభై తొమ్మిది, అరవై. నేను చిరునవ్వుతో సిద్ధంగా ఉన్నాను. అరవై రెండు. హీటరు దీపం ఎర్రగా వెలుగుతూనే ఉంది. అరవై ఐదు. వెంకట్ గారు సైగ చేస్తే ఆపరేటర్ చేత్తో స్విచ్ ఆపేశాడు. నా చిరునవ్వు ఏం చేయాలో తెలియక కాసేపు మొహం మీదే ఉండిపోయింది.

"మేడం, మీ మీద నమ్మకంతో చెబుతున్నా. మూడింటికి ఇంకొకసారి చూద్దాం" అన్నారు వెంకట్ గారు. "అప్పుడు ఏది జరిగితే అదే రిపోర్టులో రాస్తాను."

వైర్లు చూశాం, హీటరుకు కరెంటు తెంపే రిలే చూశాం, అన్నీ బాగానే ఉన్నాయి. మధ్యాహ్నం గేటు బయట చెట్టు కింద వ్యాన్‌లో డబ్బాలు తెరిచాం. మేడం ఒక ముద్ద చేసి ఆగి, "తిను నర్సింలు. ఆకలి మీద తప్పు దొర్కదు" అన్నారు. నేను డబ్బా మూత పెట్టేశాను. ఆమె ఒక సంత్ర, అంటే నారింజ పండు, ఒలిచి సగం తొనలు మళ్లీ డబ్బాలోనే పెట్టేశారు.

తిరిగి లోపలికి పోతుంటే గేటు దగ్గర వేరే సెక్యూరిటీ అతను ఉన్నాడు. నా భుజానికి ల్యాప్‌టాప్ ఉంది. కంపెనీ పేరు చెప్పాను, నా పేరు చెప్పాను, ఉదయం రిజిస్టర్‌లో అంతా రాసుకున్నారు, చూసుకోమన్నాను.

"రిజిస్టర్ అందర్ ఆఫీస్ మే గయా భయ్యా" అన్నాడు అతను, లోపలి ఆఫీసుకు పోయిందని. "పాస్ దిఖావో. పాస్ మీద ల్యాప్‌టాప్ రాసుంటేనే లోపలికి."

ఉదయం రాసిచ్చిన పాస్ మేడం దగ్గర ఉంది, చూపించారు. అతను పక్కకు తప్పుకున్నాడు. నేను మాత్రం కదల్లేదు. రిజిస్టర్ లోపల ఉంది, పేరు అతనికి తెలియదు, మనిషి చేతిలో కాగితం ఒక్కటే ఉంది. పిలుపు చీటీల మీంచి నేను పీకేసింది ఆ కాగితాన్నే.

వేడి ఎక్కువైతే హీటరు ఆపే అలారం ఫంక్షన్లు మావి మూడు. మూడూ పాతవే, మూడింటికీ వేడి అంకెను ఏడో గడిలో ఇవ్వాలి. ఆఫీసు పరీక్షల్లో మేం వాటిని పేరు పెట్టి పిలిచాం. పేరును బట్టి పేజీ దొరికింది, రివాజు దొరికింది. ఇక్కడ మాత్రం ఏ సెన్సర్ మోగితే దానికి తగ్గ అలారాన్ని ఒక పట్టికలోంచి ఏరుకుని పిలవాలి. చివరి దశకు వచ్చేసరికి ఆ పిలుపు చీటీ మీద పేరుండదు, ఒట్టి చిరునామా ఉంటుంది. పేరు లేనిదానికి పేజీ ఎక్కడ తెరవడం? నేను రాసిన ముక్క తనకు పేజీ దొరకక, మామూలు రివాజే అనుకుని, వేడిని మొదటి గడిలో పెట్టింది. అలారం ఏడో గడిలోకి చూసింది. అక్కడ ఉదయం ఎప్పటిదో ముప్పై డిగ్రీల అంకె మిగిలి ఉంది. అంతా చల్లగా ఉందనుకుని ఊరుకుంది.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ల్యాప్‌టాప్ నా భుజానే ఉంది. చప్పుడు చేయకుండా సరిదిద్ది, ఏదో వైరు వదులైందని చెబితే ఎవరికీ తెలిసేది కాదు. గేటు నుంచి డ్రైయర్ దాకా నడిచే దూరమంతా అదే ఆలోచించాను. డ్రైయర్ దగ్గరికి రాగానే మేడం పెన్సిలు ముడిలోనే ఉండగా దాని కోసం సంచి వెతకసాగారు. అది చూసి నా వల్ల కాలేదు.

"మేడం, తప్పు నాది. చీటీల మీద రివాజు తీసేసిన గద, గందుకే. పట్టికల నుంచి పిలిస్తే పేరు దొర్కుతలేదు."

ఆమె కళ్లు ఒక్కసారి మూసి తెరిచారు. ఆ తర్వాత పెద్దగా ఊపిరి వదిలి, నవ్వారు. నిజంగానే నవ్వారు. "బతికిచ్చినవ్. నేను చిప్పే ఖరాబైందేమో అని పరేషాన్ల ఉన్న. కూసో, జల్దీ."

సామాన్ల గదిలో ఒక బల్ల ఇచ్చారు. పట్టికను రాసినప్పుడే అందులో ఉండేవాటి రివాజు ఏమిటో మా భాషలో చెప్పి ఉంటుంది. మొదటి దశలో కంపైలర్‌కు అది కనిపిస్తుంది. అప్పుడే దాన్ని పిలుపు చీటీ మీద ఎక్కించాలి, తర్వాత ఎన్ని దశలు దాటినా అది చీటీని వదలకూడదు. మేడం ఏనాడో చేసిందీ అదే, నేను పీకేసిందీ అదే. మళ్లీ పెట్టాను. పట్టికలోంచి పిలిచే పరీక్ష ఒకటి కొత్తగా రాసి చూశాను. మూడింటికి వేడి మళ్లీ ఎక్కింది. అరవై దాటగానే టక్కుమని రిలే పడింది, ఎర్ర దీపం ఆరింది. ఆ టక్కు కంటే మంచి సంగీతం నేను వినలేదు.

వెంకట్ గారు పొద్దున ఏమైందని అడిగారు. మేడం నా వైపు తిరిగి "మా నర్సింలు చెప్తడు. వాళ్లమ్మకు చెప్పినట్టు చెప్పు" అన్నారు. గేటు, పాసు, రిజిస్టరు అన్నీ కలిపి చెప్పాను. వెంకట్ గారు చివరిదాకా కదలకుండా విన్నారు.

"అయితే పొద్దున మీ కుర్రాడి తప్పన్నమాట" అన్నారు.

"మా ఇద్దరిది సార్. మార్పు మీద నా పేరు గూడ ఉంది" అన్నారు మేడం. "రిపోర్టుల పొద్దటిది గూడ రాయుండ్రి. ఎందుకు ఫెయిలైందో గూడ రాయుండ్రి."

వ్యాన్ కదిలాక నేను క్షమించమని మొదలుపెట్టాను. ఆమె చేత్తో ఆపేశారు. "సూడు బిడ్డా. నువ్వు తీసినప్పుడు నాకు లోపల ఏదో గుచ్చింది. ఇది ఎందుకో పెట్టిన అని యాదికొచ్చింది, గా కారణం యాదికి రాలే. ఎందుకు అన్నది నేను యాడ రాయలే. రాయంది నీకెట్ల ఎరుకైతది? గిది నా తప్పు." ఉద్యోగం ఊడుతుందని ఎదురుచూస్తున్నవాడికి ఈ మాటలు ఎలా ఉంటాయో చెప్పలేను. కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను. ఆమె చూడనట్టే ఉండి, మిగిలిన సంత్ర తొనలు నా చేతిలో పెట్టారు.

ప్రభాకర్ సార్ రిపోర్టు చదివి నెత్తి కొట్టుకున్నారు. "ఫెయిలైందని ఎవలన్న రాయిస్తరా మేడం?" అన్నారు. మేడం "అయింది కద సార్" అన్నారు. కాని రిపోర్టు చివర్లో వెంకట్ గారు తనంతట తాను రెండు వాక్యాలు కలిపారు. పొద్దున తప్పు జరిగితే మధ్యాహ్నానికి దాని మూలం దాకా పోయి చూపించారని, ఇలా అడగడానికి మనుషులున్న కంపైలరే తమకు కావాలని. సార్ ఆ రెండు వాక్యాలనూ రెండుసార్లు చదివారు. రెడీమేడ్ మాట మళ్లీ ఎత్తలేదు. మర్నాడు మేడం ఆఫీసులో కూర్చుని రెక్కలన్నీ పూర్తిచేశారు, నా చేత కూడా నాలుగు కత్తిరించారు. నావి కొంచెం కోడిరెక్కల్లా వచ్చాయి.

ఆ కొత్త సంవత్సరం నుంచి ఆమె ఒక పొడుగు నోటుబుక్కు పెట్టారు. కంపైలర్‌లో ఏ పద్ధతి ఎందుకు ఉందో రోజుకు ఒకటి చొప్పున రాసేవారు. ఏమి ఉందన్నది కాదు, ఎందుకు ఉందన్నదే. మొదటి పేజీ పిలుపు చీటీ మీద రివాజు గురించి. అది మాత్రం నా చేత రాయించారు. రిటైరయ్యే రోజు ఆ పుస్తకం నా టేబుల్ మీద పెట్టి, "ఇగ గిది నీ తల్కాయ నొప్పి" అని నవ్వుతూ మెట్లు దిగిపోయారు.

ఆమె ఇప్పుడు సంగారెడ్డిలోనే ఉన్నారు. ఆదివారం బడి పిల్లలకు పాఠాలు చెబుతూ, కుండీల్లో టమాటాలు పెంచుతూ మునుపటికంటే హుషారుగా ఉన్నారు. ఆ పుస్తకం చివరి పేజీలో ఒక సంగతి ఉంది. అన్నిటికంటే పాత రివాజు ఒకటి, దానితో పిలిచిన ప్రతిసారీ కంపైలర్ ఆ పిలుపు వెనకాల ఏ పనీ చేయని ఆదేశాలు రెండు పెడుతుంది. దాని కింద ఆమె ఇలా రాశారు: "ఇది ఎందుకు పెట్టానో నాకు గుర్తులేదు. నర్సింలు ఎప్పుడో ఒకప్పుడు తీసి చూస్తాడు. అప్పుడు తెలుస్తుంది." ఆ కింద రెండు గీతలు ఖాళీగా వదిలారు.

బొంతపల్లిలో అంత పని చేసినవాడి గురించి ఆ మాట రాశారామె. తీయొద్దని రాయలేదు, తీస్తాడని రాశారు. చాలాకాలం ఆ పేజీ చూస్తే చాలు, నాకు ధైర్యమొచ్చేది. తీసే ధైర్యం మాత్రం రాలేదు.

సిరప్పు వాసన వచ్చిన రోజే ఆఫీసుకు పోయి ఆ రెండు ఆదేశాలనూ తీసేశాను. బోర్డు హాయిగా నడిచింది. ఫోన్ చేశాను.

"మేడం, చివరి పేజీది తీసిన. ఏం కాలే."

"కొత్త చిప్పు మీద సూసినవా, పాతదాని మీదనా?"

"కొత్తదాని మీద."

"మరి పాతది ఎవరు సూడాలె, నేనా?" అని ఫోన్ పెట్టేశారు.

బీరువా అడుగు నుంచి పాత బోర్డు తీసి, దుమ్ము దులిపి, నడిపించాను. మూడో పిలుపుకే అది బిగుసుకుపోయింది. ఆ పాత చిప్పు పిలుపు ముగించి తిరిగి వచ్చాక కాస్త ఊపిరి తీసుకుంటే గాని తర్వాతి ఆదేశం అందుకోలేదు. ఆ రెండూ దాని కోసమే. ఒంటరిగా కూర్చుని గట్టిగా నవ్వాను. తర్వాత పుస్తకం తెరిచి, ఆమె చేతిరాత కింద వదిలిన రెండు ఖాళీ గీతల మీద ఆ రెండూ ఎందుకున్నాయో రాశాను.